కొంగల్ని లెక్కపెట్టడానికి ఎవరైనా జీతం ఇస్తారా?

ప్రశ్న: నేను టెక్కలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. నీట్ రెండుసార్లు రాసింది, రెండోసారి లాంగ్‌టర్మ్ కూడా పెట్టించాం, సీటు రాలేదు. ఇప్పుడు మెడిసిన్ వద్దు, పర్యావరణం, జీవవైవిధ్యం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. సీజన్‌లో ఆదివారం వస్తే చాలు, తేలినీలాపురం పక్షుల కేంద్రానికి వెళ్ళి కొంగల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. ఆ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో అందరూ అంటుంటే, కాదని పెద్దవాళ్ళతో వాదనకు దిగుతోంది. తెలిసినాయన ఒకరు ప్రైవేట్ యూనివర్సిటీలో క్లైమేట్ చేంజ్, సస్టైనబిలిటీ డిగ్రీ ఉందన్నారు. నాలుగేళ్ళు, ఏడాదికి మూడున్నర లక్షలు. మంచి డిమాండ్ ఉందట, తర్వాత విదేశాలకు వెళ్ళిపోవచ్చట. సీటు పోకుండా 25 వేలు కట్టేశాం. మా బావమరిదేమో నైర అగ్రికల్చర్ కాలేజీకి ప్రయత్నించమంటాడు. ఈ మూడు దారులనూ పోల్చి చెప్పండి. ఆడపిల్ల అడవులు పట్టుకు తిరిగే పని ఇది. మన దేశంలోనే ఉండి చేస్తే భవిష్యత్తు ఉంటుందా? కొంగల్ని లెక్కపెట్టడానికి ఎవరైనా జీతం ఇస్తారా?

జవాబు: మాస్టారూ, ముందు సైబీరియా సంగతి తేల్చేద్దాం. మీ అమ్మాయి అన్నదే రైటు. తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ కొంగలు మన ప్రాంతపు పక్షులే. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, ఇక్కడే గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని వేసవి ముదిరేలోపు వెళ్ళిపోతాయి. ఇదే జాతి గూడబాతులు నెల్లూరు వైపు నేలపట్టులోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ గూళ్ళు కడతాయి. నిజంగా చలిదేశాల నుంచి వచ్చేవి ఇక్కడ చలికాలం గడిపి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ తమ చోటికి పోతాయి. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే బార్‌హెడెడ్ గూస్ లాంటివి చూడాలంటే ఇచ్ఛాపురం దాటి చిలకా సరస్సు దాకా వెళ్ళాలి. గూడు ఇక్కడ కడుతుంటే పుట్టిల్లు సైబీరియా ఎలా అవుతుంది అని ఆ పిల్ల అడుగుతోంది. మీ ఉత్తరం మొత్తంలో నాకు నచ్చిన సంగతి అదొక్కటే. దాన్ని మీరు ఫిర్యాదుగా రాశారు.

ఏటా జూన్, జూలైల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. రాజాం నుంచి, బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి. ఊరు మారుతుంది గానీ ఉత్తరం మారదు. మూడు కోర్సుల పేర్లు రాసి పోల్చి చెప్పమంటారు. అసలు బెంగ మాత్రం ఆ మూడింటిలోనూ ఉండదు. డాక్టరు సీటు రాలేదు, ఇప్పుడు స్టాఫ్‌రూములో ఎవరైనా అడిగితే పిల్ల ఏం చదువుతోందని చెప్పాలి? అదీ టెన్షన్. కొంచెం కటువుగా చెబుతున్నాను, ఏమనుకోకండి. నీట్‌లో పోయిన రెండేళ్ళూ మీ అమ్మాయివి. నామోషీ మాత్రం మీది. ఆ నామోషీ తగ్గడానికి 25 వేలు పెట్టి ఒక ఇంగ్లీషు పేరు కొనుక్కున్నారు. కట్టేముందు పిల్లని అడిగారా? ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు.

రెండుసార్లు సీటు రాకపోవడం పెద్ద నేరమేమీ కాదు. ఏటా 20 లక్షల మందికి పైగా రాసే పరీక్ష అది. ఆ రెండేళ్ళలో చదివిన జువాలజీ, బోటనీ ఎక్కడికీ పోలేదు. ఈ అమ్మాయికి అవి పనికొస్తాయి కూడా. చాలామందికి పనికిరావు.

సరే, జీతం ప్రశ్న. దీన్ని అడిగింది లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. ఒక చెరువులో చేపలెన్నో తేల్చాలి. చెరువు ఎండగట్టకూడదు. ఏం చేస్తారు? 50 చేపల్ని పట్టి, చిన్న గుర్తు పెట్టి వదిలేస్తారు. వారం పోయాక మళ్ళీ వల వేసి 40 పడతారు. వాటిలో 10 చేపలకు గుర్తుందనుకోండి. వలలో పడ్డవాటిలో నాలుగో వంతుకు గుర్తుంది కాబట్టి చెరువు మొత్తంలోనూ నాలుగో వంతుకే ఉండాలి. అంటే చెరువులో సుమారు 200 చేపలు. ఇది మీరు బళ్ళో చెప్పే నిష్పత్తే. ఇక్కడిదాకా ఎవరైనా చెప్పగలరు. ఒకసారి వలలో పడ్డ చేప రెండోసారి వలకి దూరంగా తప్పుకుంటే? వారంలో కొన్ని చచ్చిపోతే? మధ్యలో గట్టు తెగి కొత్త చేపలొస్తే? అప్పుడు మీ 200 ఎంత తప్పు, ఎటువైపు తప్పు? ఆ 'అయితే'లన్నిటికీ లెక్క కట్టడమే ఎకాలజీలో, అంటే జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రంలో, సగం పని. మన దేశంలో పులుల్ని లెక్కపెట్టేది కూడా ఈ సూత్రాన్ని ముందుకు పెంచిన పద్ధతిలోనే. గుర్తు పెట్టక్కర్లేదు, ప్రతి పులికీ చారలు వేరువేరుగా ఉంటాయి, అవే గుర్తు. 2006 నుంచి నాలుగేళ్ళకోసారి చేస్తున్నారు. 2022 లెక్కలో సగటు అంచనా 3,682. చెట్లకు కెమెరాలు బిగించినవాళ్ళు, లక్షల ఫొటోలు చూసినవాళ్ళు, చివరికి ఆ అంకె తేల్చినవాళ్ళు, అందరూ ఇది ఉద్యోగంగా చేసినవాళ్ళే.

అందుకని మీ అమ్మాయి ఈ దారిలో వెళ్తే, ఆమెకు మీరు ఇవ్వగలిగిన మొదటి సాయం ఫీజు కాదు, స్టాటిస్టిక్స్. బైపీసీ పిల్లలు ఎక్కువగా చతికిలబడేది అక్కడే. పక్షుల మీద ప్రేమతో వచ్చి, గ్రాఫు చూడగానే జారుకున్నవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఇంట్లో లెక్కల మాస్టారున్న పిల్లకి ఆ భయం ఎందుకు?

మన దేశంలోనే ఉంటే భవిష్యత్తు ఉంటుందా అన్నారు. నిజానికి ఈ రంగంలో మనం ఉన్న ఊరే పెట్టుబడి. కలివికోడి అనే పిట్ట కథ మీరు వినే ఉంటారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, కానీ ఆ పిట్ట చేతికి చిక్కింది మాత్రం అక్కడ పిట్టలు పట్టుకు బతికే ఒక మనిషి వల్ల. ఆయనతో ఆయన భాషలో మాట్లాడగలిగినవాళ్ళకే ఆ రీసెర్చ్ సాధ్యమైంది. రేపు సీతంపేట ఏజెన్సీలో సవర రైతు ఏ దుంప ఏ నెలలో తవ్వుతాడో, ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే జాలరి వలలో తాబేలు ఎప్పుడు పడుతుందో తెలుసుకోవాలంటే, ఎంత పెద్ద యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళయినా మీ అమ్మాయి లాంటి మనిషి కోసం వెతుక్కోవాలి. ఆ మనిషి తనే పరిశోధకురాలైతే దుబాసీ ఖర్చు కలిసొస్తుంది.

పైగా మన కొండల్లో పని చాలా మిగిలి ఉంది. దేశంలో నాలుగు జీవవైవిధ్య హాట్‌స్పాట్‌లున్నాయని పుస్తకాల్లో చదువుతాం: హిమాలయాలు, పశ్చిమ కనుమలు, ఇండో-బర్మా, నికోబార్ దీవులు కలిసిన సుండాలాండ్. అంటే ఇంకెక్కడా లేని జీవులు ఎక్కువగా ఉండి, ముప్పులో పడ్డ ప్రాంతాలు. తూర్పు కనుమలు ఆ జాబితాలో లేవు. జాబితాలో లేనిచోటికి డబ్బు తక్కువ వస్తుంది, మనుషులూ తక్కువే వస్తారు. అంతమాత్రాన ప్రశ్నలు తక్కువని కాదు. ఉద్దానంలో జీడితోటల్లోకి, కొబ్బరితోటల్లోకి ఎలుగుబంట్లు ఎందుకొస్తున్నాయి? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ తోటలు పడిపోయాక అవి ఎటు జరిగాయి? ఒడిశా నుంచి దిగి కురుపాం, కొమరాడ పొలాల్లో తిరిగే ఏనుగులు ఏ దారిలో నడుస్తున్నాయి, వాటికి అడ్డంగా మనం ఏం కట్టాం? అదే ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి చూడండి. నీళ్ళన్నారు, మట్టన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఒక్క మాట మీదికి రాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రితో పాటు రీసెర్చ్ సెంటరు కూడా తెరిచారు. పర్యావరణ పరిశోధన అంటే కొంగలొక్కటే అనుకోకండి. మీ చుట్టాల్లోనే ఎవరో ఒకరు డయాలసిస్‌కి తిరుగుతూ ఉండొచ్చు, అది కూడా ఈ సబ్జెక్టే.

ఇక ఆ మూడున్నర లక్షల కోర్సు. దీని గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య ప్రతి రెండో ఉత్తరంలో ఇదే వస్తోంది.

ఈ డిమాండ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? స్టాక్ మార్కెట్‌లో నమోదైన వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల మీద ఏటా ఒక రిపోర్టు ఇవ్వాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. కరెంటు ఎంత వాడారు, నీళ్ళెన్ని, వ్యర్థాలెన్ని, అన్నీ రాయాలి. మంచిదే. ఆ వెంటనే 'సస్టైనబిలిటీ' పేరుతో డిగ్రీలు పుట్టగొడుగుల్లా లేచాయి. కానీ ఆ రిపోర్టులు తయారుచేసే బల్లల దగ్గర నేను చూసింది చార్టర్డ్ అకౌంటెంట్లని, ఇంజనీర్లని, ఎంబీఏలని. ముందు ఒక గట్టి విద్య చేతిలో పెట్టుకుని, తర్వాత ఇది నేర్చుకున్నవాళ్ళు. అన్నీ కొంచెం కొంచెం చదివి, ఏదీ లోతుగా రాని డిగ్రీతో 21 ఏళ్ళ పిల్ల వెళ్తే అక్కడ ఏ కుర్చీ ఇస్తారు? ఈ అనుమానం నాకు తీరలేదు. కాలమే తేల్చొచ్చు, నేను తప్పూ కావచ్చు. కానీ ఆ అనుమానం ఖరీదు 14 లక్షలు, హాస్టల్ కాకుండా. మాస్టారి జీతంలో అది ఎన్నేళ్ళ పొదుపో మీకే తెలుసు.

ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. కొన్నేళ్ళ కిందట విజయనగరం కుర్రాడొకడికి ఇలాంటి కోర్సే మంచిదని నేనే చెప్పాను. బ్రోషర్ చూసి నేనూ మోసపోయాను. ఫీజుకి వాళ్ళ నాన్న ఎకరం అమ్మాడు. ఆ కుర్రాడు ఇప్పుడు ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడు, వ్యర్థజలాల ప్లాంటులో రీడింగులు రాస్తాడు. ఆ పని చిన్నదని నేననను, ఎవరో ఒకరు సరిగ్గా రాయకపోతే ఆ నీళ్ళు వచ్చి పడేది మన గెడ్డల్లోనే. కానీ పక్క కుర్చీలో అదే జీతానికి కూర్చున్నవాడు గవర్నమెంటు కాలేజీలో కెమిస్ట్రీ బీఎస్సీ చేసి వచ్చాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు ఆ కుర్రాడు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఇంకో మెలిక ఉంది, అడ్మిషన్ ఏజెంట్లెవరూ చెప్పనిది. రేపు మీ అమ్మాయికి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయాలనిపించిందనుకోండి. దానికి డిగ్రీలో జువాలజీ, బోటనీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం లాంటి నిర్ణీత సబ్జెక్టుల్లో ఒకటైనా ఉండాలి, లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ అయినా ఉండాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు, సస్టైనబిలిటీ లేదు. అడవి మీద ప్రేమతో చేరిన కోర్సు అడవి ఆఫీసరు పరీక్షకే పనికిరాకుండా పోవచ్చు. మీరు 25 వేలు కట్టిన చోట సిలబస్ అడిగి చూడండి, ఈ సబ్జెక్టుల్లో ఒక్కటైనా మార్కుల జాబితాలో పేరుతో సహా ఉంటుందేమో.

కన్సల్టెన్సీ ఉద్యోగాల గురించీ ఊరిస్తారు. కొత్త పోర్టో, ఫ్యాక్టరీయో రావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. అది రాసే సంస్థలకు ఎకాలజీ తెలిసిన మనుషులు తప్పనిసరి. నిజమైన ఉద్యోగాలే, జీతాలూ పర్వాలేదు. అయితే ఆ నివేదికలకి చాలాసార్లు వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్ సమాచారం సరిపోతుంది. మే నెలలో వచ్చి చూసినవాడు తేలినీలాపురంలో ఒక్క గూడబాతు కూడా లేదని రాసుకోవచ్చు. అబద్ధమూ కాదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టమంటే మీ అమ్మాయి ఏం చేస్తుంది? సైబీరియా దగ్గరే ఊరుకోని పిల్ల ఇక్కడ ఊరుకుంటుందా? ఆ ఉద్యోగంలో చేరేముందు ఆలోచించుకోవలసింది ఇదే.

పోలిక చెయ్యమన్నారు కాబట్టి నైర గురించి రెండు ముక్కలు. బీఎస్సీ అగ్రికల్చర్ మంచి చదువు. ఉద్యోగాలు త్వరగా వస్తాయి, వ్యవసాయ శాఖ, బ్యాంకులు, పైచదువులు అన్నీ ఉన్నాయి, ఫారెస్ట్ సర్వీస్‌కీ అర్హతే. సీటొచ్చి, పిల్ల సరేనంటే కళ్ళు మూసుకుని చేర్పించండి. కానీ అడిగింది మీ బావమరిది.

మరి పిల్ల అడిగిన దారి ఎలా ఉంటుంది? దాపరికం లేకుండా చెబుతాను. డిగ్రీలో జువాలజీ గానీ బోటనీ గానీ ప్రధానంగా ఉండాలి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో మామూలు కాలేజీ చాలు. మంచి ర్యాంకు తెచ్చుకోగలిగితే తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్ ఉంది, మన రాష్ట్రంలోనే. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీ దగ్గర్లో ఉంది. వన్యప్రాణుల మీదే కావాలంటే డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్. ఎన్‌సీబీఎస్ ఆ కోర్సుకు రెండేళ్ళకోసారే, అదీ కొద్దిమందినే తీసుకుంటుంది. కష్టమే, కానీ అక్కడ అడిగేది మార్కుల కంటే ఫీల్డులో ఏం చూశావని. ఐదేళ్ళ కొంగల నోటుబుక్కు అక్కడ బంగారం.

నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే నెలకు 37,000, రెండేళ్ళు పోయాక 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. అంటే పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్ళూ ఇంటి నుంచి డబ్బు పంపనక్కర్లేదు. ఇది మన దగ్గర చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తర్వాత ఉద్యోగాలకు ప్రభుత్వ సంస్థలు జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే ఉన్నాయి, రెండింటికీ హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. అక్కడే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ళ లాకోన్స్ ల్యాబ్ ఉంది, అంతరించిపోయే జంతువుల డీఎన్ఏ మీద పని. యూనివర్సిటీలు, అటవీ శాఖ ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. చేదు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో వచ్చేవన్నీ రెండేళ్ళు, మూడేళ్ళ ప్రాజెక్టు ఉద్యోగాలు. ముప్పై దాటేదాకా 'పర్మినెంటా?' అని అడిగితే అవునని చెప్పలేకపోవచ్చు. నెట్ మొదటిసారికే రావాలని లేదు. అది తట్టుకోలేని ఇల్లయితే ఇప్పుడే పిల్లతో చెప్పేయండి, ఎమ్మెస్సీ మధ్యలో సంబంధాలు చూడటం మొదలుపెట్టి మనసు విరగ్గొట్టకండి.

సంబంధాలంటే గుర్తొచ్చింది. ఆడపిల్ల అడవిలో తిరగడం గురించి. ఒంటరిగా ఎవరూ తిరగరు. అటవీ శాఖ అనుమతి ఉండాలి, జట్టుగా వెళ్తారు, దారి తెలిసిన ఊరి మనిషి వెంట ఉంటాడు. ఈ రంగంలో ఆడవాళ్ళు ఇప్పుడు ఏమంత తక్కువా లేరు. మీరు నిజంగా భయపడవలసినవి మలేరియా, రాత్రిపూట ఘాట్‌రోడ్డు మీద జీపు, వేధింపుల ఫిర్యాదు కమిటీ సరిగ్గా లేని సంస్థ. చేరేముందు ఆ మూడూ అడగండి, అది తండ్రిగా మీ హక్కు. పులి గురించి బెంగ పెట్టుకోకండి. లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్లో ఏడాది పాటు పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా ఆ పిల్లని కూర్చోబెట్టినప్పుడు ఈ భద్రత ప్రశ్న మీకు వచ్చిందా? పెళ్ళికొడుకుల సంగతికొస్తే, కోడలు ఏనుగుల మీద డాక్టరేట్ చేస్తోందని గొప్పగా చెప్పుకునే అత్తగారిని పార్వతీపురం దగ్గర నేను చూశాను. ఒక్కరే కావచ్చు. మీకు కావలసిందీ ఒక్కరే కదా.

ఈ వారంలో చెయ్యవలసిన పనులు చెబుతాను. ఆ 25 వేల రసీదు వెనక చదవండి, వాపసుకి గడువు తేదీ ఉంటుంది, అది దాటకముందే రాతపూర్వకంగా అడగండి. రాకపోతే పోనివ్వండి, పోయిన 25 వేల కోసం 14 లక్షలు పోయకండి. డిగ్రీ అడ్మిషన్ల గడువు చూసుకోండి. మీ పంచాయతీ ఆఫీసుకి పిల్లని తీసుకెళ్ళి, 2002 చట్టం ప్రకారం ఉండవలసిన జీవవైవిధ్య రిజిస్టరు చూపించమనండి. అందులో ఏం రాశారో, ఏం రాయలేదో ఆమె మీకు చెబుతుంది. ఫోన్‌లో ఈ-బర్డ్ యాప్ పెట్టించండి, ఉచితమే, ఆమె లెక్కలు నోటుబుక్కులోనే మగ్గిపోకుండా పరిశోధకులకి అందుతాయి.

తేలినీలాపురం చెట్లు ఇప్పుడు ఖాళీగా ఉంటాయి. కానీ వానలు మొదలయ్యాయి కాబట్టి ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు దిగి ఉంటాయి. వాటినీ అక్కడ సైబీరియా కొంగలనే అంటారు. ఈ ఆదివారం పిల్లతో పాటు మీరూ బస్సెక్కండి. ఒకే చెట్టు మీది గూళ్ళని ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, ఒకరిది ఒకరు చూడకుండా కాగితం మీద రాయండి. రెండు అంకెలూ కలవవు. ఎందుకు కలవలేదో, ఇద్దరికీ కనపడని గూళ్ళు ఇంకెన్ని ఉండొచ్చో, తిరిగొచ్చేటప్పుడు బస్సులో లెక్క కట్టి చూపించండి.